తలుపు మీద నాలుగు వేళ్ల సందు

మా పక్క తోట పెద్దాయన పోయారు. సోమవారం పోస్ట్ డబ్బాలో, ఇక్కడ చావు కబురు మోసుకొచ్చే నల్ల అంచు కవరు చూడగానే, విప్పకుండానే తెలిసిపోయింది. నాకూ కబురు పంపాలని ఆయన భార్య అనుకున్నందుకు సిగ్గేసింది.

జర్మనీలో కాట్‌బస్ ఊరి శివార్లలో మేము అద్దెకు తీసుకున్న తోట పక్కది ఆయనది. రిటైరైన వడ్రంగి. నేను రెడీమేడ్ షెడ్డు ఒకటి ఆర్డర్ చేయబోతుంటే కంచె మీదుగా ఆపారు. "అది ఇల్లు కాదు, అట్టపెట్టె," అన్నారు. ఈ చిత్తడి నేలల్లో మొదట స్థిరపడ్డవాళ్లు కట్టుకున్నట్టు దుంగలతో చిన్న ఇల్లు కడదాం రమ్మన్నారు.

ఆదివారం సుత్తి చప్పుడు చేస్తే ఇక్కడ ఎవరూ ఊరుకోరు. అందుకని రెండు వేసవులు శనివారాలన్నీ దానికే పోయాయి. దుంగల చివర్లలో గాట్లు కోసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడం, సందుల్లో నాచు కూరడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ప్రతి దుంగనూ ముందు అరచేత్తో చరిచి, లోపల పుచ్చుందేమోనని చెవి ఆనించి వినేవారు. నేను కంగారుపడితే "తొందరున్నవాడు డేరా వేసుకోవాలి," అనేవారు. మా ఆవిడ పెట్టిన ఆవకాయ తిని కళ్లు తుడుచుకుంటూ, "ఇది ఊరగాయ కాదు, శిక్ష," అని మళ్లీ వేయించుకున్నారు. మా నాన్న నాకు మేకు కొట్టడం కూడా నేర్పలేదు. ఈయన మీద నాకు అంత ప్రేమ ఎందుకో అప్పుడు తెలియలేదు.

ద్వారబంధానికీ దాని పై దుంగకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలారు. దుంగలు ఎండేకొద్దీ గోడ కిందికి దిగుతుంది, సందు లేకపోతే బరువంతా ద్వారబంధం మీదే పడుతుంది. "గాలి వస్తే ఉన్ని కూరుకో, చెక్క మాత్రం బిగించకు," అని రెండుసార్లు చెప్పారు.

గృహప్రవేశానికి పంతులుగారు వాట్సాప్‌లో ముహూర్తం పంపారు. బెర్లిన్ నుంచి స్నేహితులు వస్తున్నారు. వాళ్ల కళ్లకు ఆ సందు వెలితిగా కనబడుతుందని, ముందురోజు ఆయన లేని సమయం చూసి మందపాటి చెక్క బిగించేశాను.

మర్నాడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆయన గుమ్మం దగ్గరే ఆగి పైకి చూశారు. "అది ఇవాళే తీసెయ్," అన్నారు అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది నా ఇల్లు," అన్నాను. "నీదే," అని వెళ్లిపోయారు.

"పోయి ఒక్క మాట చెప్పొస్తే ఏం పోతది?" అని మా ఆవిడ చలికాలమంతా పోరింది. వచ్చే వారం అనుకుంటూ గడిపేశాను. ఎండలు ముదిరేసరికి ద్వారబంధం వంగి తలుపు బిగుసుకుపోయింది. ఇక ఆ మొహం పెట్టుకుని అసలే వెళ్లలేకపోయాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి కూడా.

శ్మశానంలో నా వంతు మట్టి వేసి పక్కకు జరిగాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"చివరిదాకా ఒకటే అడిగారు. ఆ తలుపు తెరుచుకుంటోందా అని. తెరుచుకుంటే తనదే పొరపాటని నీకు చెప్పమన్నారు. తెరుచుకుంటోందా?"

ఆమె మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. "ఆ, తెరుచుకుంటోంది," అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలి, గుంత అంచున మెల్లగా వంగింది.

"విన్నావా? తెరుచుకుంటోందట."