ఒక పలక, రెండు ముఖాలు

పాల్వంచలో కంపెనీ క్వార్టర్ల వెనక కిరాయి గదిలో ఉండే సోమ్లాకు ఏడాదికి ఒక్కటే చుట్టం. అదొక చెక్క పలక. గోనెసంచి చుట్టుకుని భద్రాచలం బస్సులో వచ్చేది. భార్య పోయింది, పిల్లల్లేరు, ప్లాంటులో పని కూడా అయిపోయింది. అది వచ్చే రోజున మాత్రం ఆయన గడ్డం గీసుకుని బస్టాండుకు వెళ్లేవాడు.

చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అద్దే జపాన్ పద్ధతిని డ్రాయింగ్ మాస్టారు నాగరాజు సారు ఇద్దరికి నేర్పారు. ఒకడు సోమ్లా, రెండోవాడు గోదావరి అవతల అడవి పల్లెలో ఉండే జంపయ్య. జపాన్ చిత్రకారులు ఒకరి వానను మించి ఇంకొకరు వాన గీసేవారని సారు చెప్పడమే తప్పయింది. మిగతా పాఠమంతా మరిచి వీళ్లు అదొక్కటే పట్టుకున్నారు. సన్న గీత నిలిచే పాలకొడిశ చెట్టు పలక సారు దగ్గర ఒకటే ఉంటే, చనిపోయేముందు ఇద్దరికీ చెరో ముఖం పంచారు. అంత వెడల్పుది మళ్లీ దొరకలేదు.

పన్నెండేళ్లుగా ఇదే వరస. ఎవరి వంతు వస్తే వాళ్లు తమ వైపు పాత బొమ్మను చిత్రిక పట్టి చెరిపేసి, కొత్తది చెక్కి రెండోవాడికి పంపాలి. పలకరింపుల్లేవు. ఒకరు వల చెక్కితే రెండోవారు అంతకన్నా సన్నకళ్ల వల చెక్కేవారు. మూడు వేళ్ల మందం పలక అరిగి అరిగి అట్టలా తయారైంది.

ఈసారి జంపయ్య తన చనిపోయిన భార్యను చెక్కాడు. ఇప్పపువ్వు ఏరుతోంది, వెంట్రుకకు వెంట్రుక విడిగా ఉంది. జతగా చీటీ: "ఇంకా కాయితం మీద అద్దలె. నువ్వు చెక్కి పంపు, రెండు ఒక్కపారే అద్దుత."

సోమ్లాకు ఒళ్లు మండింది. అసూయే, దాచడానికేముంది! ఆ వెంట్రుకలను మించే వాన చెక్కాలని కూర్చున్నాడు. మూడో రోజు ఉలి ఉన్నట్టుండి తేలిగ్గా దిగింది. తిప్పి చూస్తే జంపయ్య భార్య చెంప మీద కందిగింజంత కన్నం.

తన గీతను కళ్లు చిట్లించి చూసే మనిషి ఈ లోకంలో జంపయ్య ఒక్కడే. ఆయన కూడా మొహం తిప్పుకుంటే ఇంకెవరున్నారు? పార్సిల్ వేసే ధైర్యం లేక పలక పట్టుకుని తానే జంపయ్య ఊరికి బస్సెక్కాడు.

"జంపన్నా, ఖరాబ్ చేసిన. వదిన మొకానికి తూటు పడ్డది."

జంపయ్య పలకను వెలుతురుకు పట్టి, కన్నం చుట్టూ మందం గోటితో తడిమి చూశాడు.

"నీ తప్పు గాదు. నా దిక్కు నేనే ఎక్కువ చిత్రిక పట్టిన, నీకు లోతు దొరకొద్దని. ఈ పారి గెలుస్తవేమోనని బుగులైంది. నా పెండ్లాం మొకం చెక్కుకుంట గూడ నాకు గసొంటి బుద్ధే పుట్టింది."

సోమ్లాకు కోపం రాలేదు. అలసట వచ్చింది.

"ఇగ పంపేటందుకేం లేదు గద," అంటూ లేచి చెప్పులు వేసుకున్నాడు.

"చెక్క లేకపోతే రావా ఏంది?" అన్నాడు జంపయ్య కసురుతున్నట్టు.

భార్య పోయాక సోమ్లాను రమ్మన్నవాళ్లు లేరు. ఆయన చెప్పులు విడిచి, గడప దగ్గరే కూలబడి ఏడ్చాడు.