ఆ ఊళ్ళో ఆవిడ పేరు

నర్సు ఆంటీ పోయారు. మంగళవారం పొద్దున, ఇక్కడ సింగపూర్‌లోనే, టోవా పాయోలో వాళ్ళ తమ్ముడి ఫ్లాట్‌లో కాఫీ కలుపుకుంటూ కుప్పకూలిపోయారట. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఆ తర్వాత ఏ పనీ సాగలేదు.

నిజానికి ఆవిడ నాకు పరిచయమైంది సింగపూర్‌లో కాదు. ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో మా కంపెనీ ఆస్ట్రేలియా ఎడారిలో అబొరిజినల్ ఆదివాసుల ఊరొకదాని క్లినిక్‌కి రికార్డుల ప్రోగ్రామ్ రాసింది. అది పెట్టి రమ్మని నన్ను పంపారు. చిన్న విమానం దిగేసరికి ఎర్రమట్టిలో జీపు పక్కన నిలబడి, "అన్నం తిని ఎన్నాళ్ళయింది బాబూ?" అని తెనాలి తెలుగులో అడిగారు ఆంటీ. అప్పటికే పదేళ్ళుగా అక్కడ నర్సు.

మూడోరోజు నా తెలివి చూపించుకున్నాను. ప్రోగ్రామ్ ఎంత బాగా పనిచేస్తోందో చూడండంటూ వరండాలో కూర్చున్నవాళ్ళ ముందు తెరమీది పేర్లు గట్టిగా చదివాను. నాలుగో పేరు కిందటి వారమే పోయిన ఒక పెద్దావిడది. ఆ ఊళ్ళో పోయినవాళ్ళ పేరు చాలాకాలం ఎవరూ పలకరు. అదే పేరున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళనీ వేరే పేరుతోనే పిలుస్తారు. వరండాలో ఉన్నవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ పిల్లల్లో సూది వేయాల్సినవాళ్ళూ ఉన్నారు.

ఆంటీ తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకెళ్ళి, పోయినావిడ కూతురి ఇంటి ముందు నేలమీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నారు. సారీ చెబుదామని నోరు తెరిస్తే మోచేత్తో పొడిచారు.

"నోటితో చేసింది చాల్లే. కాసేపు ఊరికే ఉండు."

ఆ కాసేపు సాయంత్రం దాకా సాగింది. అప్పుడా కూతురు బయటికొచ్చి ఇద్దరికీ టీ ఇచ్చింది. మర్నాడు వరండా నిండింది. పోయినవాళ్ళ పేర్లు తెరమీద కనబడకుండా ప్రోగ్రామ్ మార్చి వచ్చాను. అడగని పని ఎందుకు చేశావని ఇక్కడ మా మేనేజరు గొణిగాడు.

రిటైరయ్యాక ఆంటీ తమ్ముడి దగ్గరికి వచ్చేశారు. శనివారాలు తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో, ఇక్కడివాళ్ళలాగే టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ 'చోప్' చేసి, అంటే మాకని ఆపి ఉంచి, నాకోసం చూసేవారు. దోసెకి వంకలు పెడుతూనే రెండు తినేవారు. నా ఇంటి గొడవలు వింటున్నప్పుడు సలహా ఒక్కటీ ఇచ్చేవారు కాదు. లేచేసరికి మాత్రం నా మనసు తేలికపడేది. ఆవిడ లేని శనివారం ఎలా గడపాలో ఇంకా తెలియడం లేదు.

ఒకసారి, ప్లేటు పక్కకి జరిపి అన్నారు. "ఆ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళున్నాను. వాళ్ళకి నేను వాళ్ళ మనిషినో, వచ్చిపోయే నర్సుల్లో ఒకదాన్నో ఇప్పటికీ తెలీదు. నేను పోతే నా పేరు పలకడం మానేస్తారంటావా?"

తప్పకుండా అన్నాను. నాకేం తెలుసని అన్నానో.

అంత్యక్రియలయ్యాక ఆ క్లినిక్‌కి ఫోన్ చేశాను. తీసింది ఆనాడు టీ ఇచ్చిన కూతురే, ఇప్పుడక్కడే పనిచేస్తోంది. ఆంటీ తమ్ముడు పంపిన కబురు ముందే అందిందట. మాట తడబడి ఆంటీ పేరు నా నోటిదాకా వచ్చింది. ఆమే ఆపేసింది.

"ఆ పేరు ఇప్పుడు వద్దు" అంది మెల్లగా.

తన నాలుగేళ్ళ మనవరాలికి పెట్టుకున్నది ఆంటీ పేరేనట. ఆంటీ ఊరు వదిలాక పుట్టిన పిల్ల. ఈ సంగతి ఆంటీకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఫోన్ చేతిలో ఉండగానే ఆమె వాకిట్లోకి కేకేసి పిల్లని పిలిచింది, కొత్త పేరుతో. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఆ పిలుపు తనకేనని ఇంకా అలవాటు కాని పిల్ల, కాసేపటికి, దూరం నుంచి పలికింది.