వాపు అని రాసుకున్న మంగళవారాలు

ప్రతి మంగళవారం పుంగనూరు నుంచి మదనపల్లె ఆసుపత్రికి వెళ్లేవాళ్లం, నేనూ నా భార్యా. సన్నని గొట్టంతో నా మూత్రసంచిలోకి మందు ఎక్కించేవారు. తర్వాత రెండు గంటలు మూత్రానికి లేవకుండా, పావుగంటకొకసారి వెల్లకిలా, కుడిపక్కకు, బోర్లా, ఎడమపక్కకు తిరుగుతూ పడుకోవాలి. ఎప్పుడు ఎటు తిరిగిందీ నేను రాసుకునే డైరీలో ఉంది. మొదటి మంగళవారం పేజీలో, "సంచిలో వాపు. తగ్గడానికి మందు" అని రాశాను.

ఆ మాట చెప్పింది కుప్పంలో ఉండే మా తమ్ముడు. బెంగళూరులో సంచిలోంచి ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు తెచ్చిందీ వాడే. నాకు చూపలేదు. వాడి మాటకు రుజువు అడగడం నాకు అలవాటు లేదు.

నాలుగో మందు తర్వాత పేజీలు వెనక్కి తిప్పాను. మందు పడిన ప్రతిసారీ మంట, చలిజ్వరం, గంటకు నాలుగుసార్లు పరుగు. వాపు తగ్గించాల్సిన మందు వాపును పెంచుతోంది. ఇక వెళ్లను అని రాసేశాను. నా భార్య బతిమాలింది. వినకపోతే తమ్ముణ్ణి పిలిపించింది.

"యాలన్నా మొండికేస్తాండావు? ఇంకా రెండేగదా ఉండేది!"

"వాపుకు ఆరుసార్లేందిరా? సూడు, అంతా రాసిపెట్టినా."

"నీ డైరీ పాడుగాను! మంట పుట్టాలనే వేసేది. పిల్లోళ్లకు క్షయ రాకుండా వేస్తారే, ఆ టీకా మందేనన్నా అది. ఆ మంటకే ఒళ్లు లేచి క్యాన్సర్ మీద పడేది."

అనేశాక వాడు తల దించుకున్నాడు. నా భార్య ఆశ్చర్యపోలేదు.

"నీకూ తెలుసునా?"

"చెప్తే అన్నం ముట్టవని భయపడితిమి."

తర్వాత డాక్టరును నేనే అడిగాను. ఏళ్ల తరబడి నిలిచిన వాపు ఈ జబ్బుకు తోడవుతుందట. ఈ మందు పుట్టించే వాపు మాత్రం ఆ జబ్బు మీదికే ఒంటిని ఉసిగొల్పుతుందట. అంటే తమ్ముడు చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. ఆ సగం మాటను నమ్మి, నా చేతి రాతనే సాక్ష్యంగా పెట్టుకుని, మందు మానేయబోయాను.

మిగిలిన రెండు మంగళవారాలూ వెళ్లాను. తమ్ముడు తోడొస్తానంటే వద్దన్నాను. మొదటి పేజీలో వాపు పక్కన ఆ జబ్బు పేరు నా భార్య చేత రాయించాను.

పోయిన వారం సంచిలోపల మళ్లీ చూసిన పరీక్ష రిపోర్టు తమ్ముడు తెచ్చాడు.

"బాగుండాదన్నా. ఏమీ లేదంట."

కళ్లజోడు తెమ్మన్నాను. చివరి వరుస దాకా నేను చదివేవరకు వాడు గడప దగ్గరే నిలబడ్డాడు. బాగానే ఉంది. కూర్చోమని మాత్రం నేను అనలేదు.