ఒక్క వరసే చెప్పగల ఫంక్షన్

మొన్న తమిళనాడులోని మా రాజపాళయం ఇంటి వసారాలో చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ ముందేసుకుని, డేటాబేస్‌లో తను రాసిన ఫంక్షన్ ఎంత అడిగినా ఒక్క జవాబుకు మించి ఇవ్వదని విసుక్కుంటుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చేతులు ఆగిపోయాయి.

నా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మిల్లులో కంప్యూటర్ గది అంటే చెప్పులు బయట విడిచి వెళ్ళే చోటు. మా మిల్లులో ఆ గదికి ఇద్దరమే, నేనూ, దూరపు చుట్టమైన అతనూ. మా పెదనాన్న ఊళ్ళో మావాళ్ళ వంశాలన్నీ సేకరించి ఇస్తే, ఏ ఇద్దరి పేర్లిచ్చినా సర్వరే వెతికి వరస చెప్పేలా ఒక ఫంక్షన్ రాయాలని, పని ముగిశాక కూర్చునేవాళ్ళం. అబ్బో, అదెంత పెడసరమో! టేబుల్లో ఉన్నది చూడనిస్తుందిగానీ ఒక్క అక్షరం మార్చనివ్వదు, మధ్యలో ఆగి మనల్ని ఏదీ అడగదు, చివరికి చెప్పేది ఒక్క మాటే. నాలుగు వీధుల్లోనే తరతరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకున్న మాకు ఒక్క వరసతో సరిపోతుందా?

సరదాకి మా ఇద్దరి పేర్లే ఇచ్చాం. అమ్మ వైపు నుంచి వెతికిస్తే బావ అంది, నాన్న వైపు నుంచి వెతికిస్తే అన్న అంది. నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు, అప్పటికే నా మనసు అతని దగ్గరే ఉంది, అతనిదీ అంతేనని నాకు తెలుసు.

పేర్లు చెప్పకుండా, ప్రోగ్రాంలో వచ్చిన సందేహంలా, రెండు వరసలొస్తే ఏది చెప్పించాలని పెదనాన్నను అడిగాను.

"అన్న అని ఒగ దారిలో వచ్చినాక, ఇంగ బావ అని ఎట్ల పిలిచేది అమ్మా? అన్నే" అన్నారాయన, వక్క నములుతూ.

ఆ మాట అతనికి చెప్పాను. మర్నాడు, అన్న వస్తే వెతకడం అక్కడితో ఆపెయ్యమని ఆ ఫంక్షన్‌లో అతనే టైపు చేశాడు, నా వైపు చూడకుండా. తర్వాత నాకు తళవాయిపురం సంబంధం కుదిరింది, అతను చోళపురంలో చేసుకున్నాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళు ఫోన్లలోనే కుదురుతున్నాయి, వరస అడిగే పెద్దలు లేరు, పిల్లలకు అందరూ అంకుళ్ళే. మంచిదేలే, మాలా ఏడిచేవాళ్ళు తగ్గారు. కిందటి నెల ఒక పెళ్ళిలో, తలంతా నెరిసిపోయిన అతను ఎదురుపడి, "బాగుండావా?" అన్నాడు. ఊళ్ళో ఎవరెదురైనా వరస పెట్టి పలకరించే నాకు, ఆ ఒక్క మనిషిని అన్నా అనడానికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు రాలేదు, బావా అనే భాగ్యం లేకపోయింది. బాగున్నానని తలూపాను, అంతే.