పొయ్యి వెనక చిన్న తపేలా

మా బావ పోయాడని తెల్లవారుతూనే అక్క ఫోన్ చేసి చెప్పింది. చీరాల దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళి వంట ముగించుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం వాల్చుకుని పడుకున్నాడట. టీ తెచ్చి లేపితే లేవలేదట. "గుండె ఆగిందంటున్నార్రా తమ్ముడూ" అని అక్క ఏడుస్తోంది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, నా అరికాళ్ళు తిప్పి చూసుకున్నాను. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది.

ఆ భయం మీకు అర్థం కావాలంటే మా బావ గురించి కొంచెం చెప్పాలి.

ఆయన పెళ్ళిళ్ళ వంటమేస్త్రి. మిరపకు ధర పలికిన ఏడాది మా వైపు ఫంక్షన్లకు అంతుండదు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు, చివరికి పెద్దకర్మలు కూడా, విస్తట్లో ఎన్ని రకాలు వడ్డించారన్న దాన్నిబట్టే పేరు. మా బావ చేతి పూర్ణాల కోసం, నూనెలో తేలే గుత్తివంకాయ కోసం ఒంగోలు అవతల నుంచి కూడా వచ్చి బయానా ఇచ్చిపోయేవాళ్ళు. అందరికీ అన్నీ వండే మనిషి తను మాత్రం వాటిని రుచి చూసి వదిలేసేవాడు. బంతి లేచాక ఒక మూల కూర్చుని మజ్జిగ కలిపిన వరిగన్నం, ఏదో ఒక ఆకుకూర పప్పు, ఒక పచ్చి ఉల్లిపాయ తినేవాడు. వరిగలు చాలా చిన్న గింజ. ఒకప్పుడు మా ప్రకాశం మెట్ట పల్లెల్లో వరి లేనివాళ్ళ కూడు అది.

"ఎందుకు తినవు బావా, నువ్వు వండిందేగా?" అని అడిగానొకసారి.

"నేను వండిందే కాబట్టి తిననురా. ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో నాకు తెలుసుగా" అన్నాడు నవ్వుతూ.

నేను మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాను. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. సరుకులు పొట్లం కట్టి ఇచ్చిన కాగితాలు చదువుకుని మిగతాది నేర్చుకున్నాను. ఏ రైతు ఎన్ని బస్తాలు లోపల పెట్టాడు, ఎన్ని తీసుకెళ్ళాడు అని రాయడం నా పని. మాట్లాడటం నాకు చేతకాదు. కాబట్టి నాకు వచ్చిన కష్టం సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నాకే తెలియలేదు.

తెలిసిన రోజు ఇలా జరిగింది. కోల్డ్ స్టోరేజీ ముందు టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయ ఆరబోసి ఉంది. కాయ మీద నడవాల్సి వస్తే చెప్పులు విడవడం మాకు అలవాటు. నేనూ విడిచి, ఆ ఎర్రటి కాయల మధ్య నుంచి అవతలి గట్టుకు నడిచాను. తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఒకామె నా వెనక చూసి కేక పెట్టింది.

"అయ్యో, మడమంతా నెత్తురు గుమస్తాగారూ! మంట పుట్టట్లా?"

వంగి చూసుకున్నాను. మడమ లోతుగా పగిలి ఉంది. ఆ పగులులో మిరపగింజలు ఇరుక్కుని ఉన్నాయి. మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు, పచ్చిపుండులో కారం పడితే మనిషి నేల మీద నిలవడు. నాకు చల్లటి నీళ్ళు తగిలినంత కూడా లేదు. వేలితో ఆ గింజలు ఒక్కొక్కటే తీశాను.

మా నాన్నకూ ఇలాగే మొదలైంది. పత్తి చేలో తుమ్మముల్లు దిగితే ఆయనకు తెలియలేదు. పుండయింది, చీము పట్టింది. గుంటూరు ఆస్పత్రిలో కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆస్పత్రి వరండాలో స్ట్రెచర్ మీద ఆయన లుంగీ ఒక పక్క లోపల ఏమీ లేనట్టు చదునుగా ఉండటం నేను చూశాను. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం బతకలేదు.

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆ వారం ఒక గృహప్రవేశంలో మా బావ పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏరా బావమరిదీ, వాసన పట్టుకుని ముందే వచ్చావా? బంతి వెయ్యడానికి ఇంకా టైముంది" అన్నాడు.

"బావా, నా కాలికి కారం మండట్లేదు."

గరిటె ఆగింది. నన్ను చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి అని ఆటపట్టించే మనిషి, వంగి నా మడమ చూశాడు. "రేపు పొద్దున మొదటి బస్సుకి పోదాం. పరగడుపున రా" అన్నాడు.

డాక్టరు షుగర్ అన్నారు. మాత్రలు రాశారు. పాదాలు రోజూ చూసుకోమన్నారు. తెల్లన్నం తగ్గించమన్నారు, బేకరీ సరుకు, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు మానమన్నారు. భయపడ్డ మనిషికి సగం మాటలే వినపడతాయి. నాకు మానమన్న మాట ఒక్కటే వినపడింది. అన్నీ మానేశాను. దోసకాయ ముక్కలు, మజ్జిగ, అంతే. మెతుకు చూస్తే నాన్న లుంగీ గుర్తొచ్చేది. కొన్నాళ్ళకు బస్తాల మధ్య కళ్ళు తిరిగి పడిపోయాను. హమాలీలు మోసుకొచ్చి నీడన పడుకోబెట్టారు. కళ్ళు తెరిచేసరికి మా బావ ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా, జబ్బుని పస్తు పెట్టి చంపుదామనుకున్నావా? దానికంటే ముందు నువ్వు పోతావురా పిచ్చోడా!"

"ఏం తినాలన్నా భయంగా ఉంది బావా."

"అయితే భయాన్నే తిను. ఉప్పూకారం కూడా అక్కర్లా."

హమాలీలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడే సంచిలోంచి ఒక విస్తరాకు తీసి నేల మీద పరిచాడు. బొగ్గుముక్కతో మధ్యన అడ్డంగా గీత గీశాడు. "ఈ పై సగమంతా కూరగాయలు, ఆకుకూర. వేపుడు కాదు, ఉడికింది" అన్నాడు. కింది సగాన్ని మళ్ళీ రెండు చేశాడు. "ఇక్కడ పప్పు. కందో, పెసరో, అలసందో, రోజుకొకటి. ఈ మూల అన్నం. వరిగో, జొన్నో, దంపుడు బియ్యమో. మూలంటే మూలేరా, మేడ కట్టకూడదు." ఆఖరికి ఆకు అంచున ఒక జామకాయ పెట్టాడు. "మాత్ర మానమని నేననలా. అది డాక్టరు చూసుకుంటాడు. ఆకు సంగతి మనం చూసుకోవాలి."

ఇంకో మాట కూడా తరచు అనేవాడు. "కవరు చింపితే వచ్చేది ఏదీ మనది కాదు. చేలో ఎట్టా ఉందో పొయ్యి దగ్గరికీ అట్టాగే రావాలి."

అక్క చేత మా ఆవిడకు చెప్పించాడు. ఇంట్లో వంట మారింది. నెలలు గడిచే కొద్దీ డాక్టరు మొహంలో కోపం తగ్గింది. తిమ్మిర్లు పూర్తిగా పోలేదు కానీ మడమ పగులు పూడింది. ఇబ్బందల్లా బయట తిండితోనే. మా కోల్డ్ స్టోరేజీకి కాయ తెచ్చే రైతులు పిలిచే ఫంక్షన్లు నేను తప్పించుకోలేను. వెళ్ళి తినకపోతే కోపం. ఎందుకు తినవంటే చెప్పలేను. 'తండ్రి లాగే వీడూ' అని ఎవరైనా అంటారేమోనని భయం.

దానికి మా బావ ఒక దారి చూశాడు. ఎక్కడ వంటకు వెళ్ళినా పెద్ద పొయ్యిల వెనక ఒక మూల చిన్న తపేలా ఎక్కించేవాడు. నానిన పెసలు, గుప్పెడు వరిగలు, సొరకాయ ముక్కలు, చేతికందినంత తోటకూర, అన్నీ కలిపి ఒకటే ఉడుకు. ఉప్పూ కారం చెయ్యి బిగబట్టి వేసేవాడు. బంతిలో నా దగ్గరికొచ్చేసరికి వడ్డించేవాళ్ళను పక్కకు నెట్టి, తనే చిన్న బకెట్టుతో వచ్చి నా ఆకు నింపేవాడు.

పక్క విస్తరాయన ఊరుకోడుగా. "ఏందయ్యా మేస్త్రీ, బావమరిదికి స్పెషలా? మేం ఏం పాపం చేశాం?"

"వీడికి తక్కువైతే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ. మీకేం, మీరు హాయిగా పూర్ణాలు తినండి" అనేవాడు. బంతి అంతా నవ్వేది. నా జబ్బు ఆ నవ్వు చాటున దాక్కునేది.

నాకొక్కడికి ఆ తపేలా ఎప్పుడూ పెద్దదే. "ఎందుకు బావా ఇంత, మిగిలిపోద్దిగా?" అంటే, "దాని సంగతి నీకెందుకు? నీ ఆకు నువ్వు చూసుకో" అని కసిరేవాడు.

అలాంటి మనిషి పోయాడు. శవం దగ్గర కూర్చున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఇంత పద్ధతిగా తిన్నవాడే పోతే, మడమలో కారం తెలియని నేనెంత?

ఆ మాటే ఇంకొకాయన పైకి అన్నాడు. మా బావ వాళ్ళ వీధిలో పురుగుమందుల కొట్టు ఆయనది. షామియానా కింద కూర్చుని, "వరిగన్నం తిన్నాయన వెళ్ళిపోయాడు. బిర్యానీలు తిన్నోళ్ళం ఇక్కడ కుర్చీల్లో కూర్చున్నాం. తిండిలో ఏముందండీ!" అన్నాడు. నలుగురు తలలూపారు.

లోపలి నుంచి అక్క విన్నది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా గడప దాకా వచ్చింది. "మీ కొట్టు పక్కనేగా అన్నయ్యా ఆయన బీడీలు కొనేది, మీకు తెలీదా? జీవితమంతా పొగలో నిలబడ్డాడు, దానికి తోడు కట్టలు కట్టలు కాల్చాడు. మానమంటే నా మాట విన్లేదు. నింద కూటి మీద వెయ్యబాకండి."

కొట్టాయన తల దించుకున్నాడు. నాకు మాత్రం ధైర్యం రాలేదు. మర్నాడు కోల్డ్ స్టోరేజీ ఎదురు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నాను. ఇన్నాళ్ళు మానినవి. పొట్లం చేతిలో వెచ్చగా ఉంది. తింటే ఏమవుతుందోనని భయం, తినకపోయినా అంతేనేమోనని భయం. పొట్లం చల్లారిపోయింది. చివరికి పక్కన కూర్చున్న హమాలీకి ఇచ్చేశాను. అది నిగ్రహమేమీ కాదు. భయమే.

పెద్దకర్మ రోజు వచ్చింది. బావతో పనిచేసిన వంటవాళ్ళు కూలి వద్దని చెప్పి, మేస్త్రికి మర్యాదగా ఆయన వండే రకాలన్నీ వండుతామన్నారు. పూర్ణాలు, గుత్తివంకాయ, పులిహోర, వేపుళ్ళు. ఆ ఇంట్లో, ఆ రోజు, ఆ విస్తరి ముందు నుంచి నేను తినకుండా లేవలేను. తినడానికీ ధైర్యం లేదు. పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఆ చిన్న తపేలా ఎక్కడుంది?"

ఆమె నన్ను కాసేపు చూసింది. అటక మీంచి తీసి, కొంగుతో తుడిచి, వరిగల డబ్బాతో సహా చేతికిచ్చింది.

పెసలు నానబెట్టాను. వేళకు పొయ్యిల వెనక్కి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఒక పొయ్యి మీద తపేలా ఎక్కించాను. అది పెద్ద పెద్ద గుండిగలకు కట్టిన పొయ్యి. మంట తపేలా కంటే వెడల్పుగా లేచి అంచుల మీదికి పాకింది. ఎలా తగ్గించాలో తెలియక నిలబడి చూస్తున్నాను. పులిహోర కలుపుతున్న వంటాయన వచ్చి గ్యాసు తిప్పి, "ఇవాళ మీరు వండుతున్నారా?" అన్నాడు. తలూపాను. ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మొదటి బంతికి పిలుపు వినపడింది. నేను కదల్లేదు. అప్పుడు టెంటు గుడ్డ పక్కకు తొలగింది. బావ వాళ్ళ పక్కింటి ముసలమ్మ, చేతిలో ఖాళీ గిన్నెతో. నన్ను చూసి తడబడింది.

"ఏం లేదు నాయనా. నాకు బీపీ. ఉప్పు పడదు. మేస్త్రి ఉంటే ఇటుపక్క నాకు కాస్త..." అని ఆగిపోయింది.

ఆమె వెనకే మరొకాయన వచ్చాడు. కాలికి కట్టు ఉంది. చెప్పు సగమే తొడిగాడు. ఆ కాలు చూడగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆయన తపేలా వైపు చూసి నిలబడ్డాడు.

చివరికి వచ్చింది పురుగుమందుల కొట్టాయన. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయి, తిరగలేక, "నాకూ ఆయనే పెట్టేవాడండీ. మా ఇంట్లో కూడా తెలీదు" అన్నాడు నేల చూస్తూ.

ఆ తపేలా మా ఒక్కరి కోసమేనని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. తపేలా ఎందుకు పెద్దదో నాకు అప్పుడు తెలిసింది.

ముసలమ్మ మూత తీసి, ఒక గింజ వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇంకా కాసేపు ఉడకాలి" అని మూత పెట్టేసింది. టెంటు అవతల వడ్డన కేకలు, పూర్ణాల వాసన. ఇవతల మేం నలుగురం తపేలా చుట్టూ, ఒకరి మొహం ఒకరం చూడకుండా, మూత కింద చప్పుడు వింటూ నిలబడ్డాం.