మా పరశురాములు కలిపిన వరుసలు

మా మరిది పరశురాములుకు ఒకటే రోగం. కంటపడ్డ మనిషినల్లా చుట్టం చేసుకుంటాడు. ముందు "మీదేవూరు?" అంటాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు, మూడో ప్రశ్నకల్లా ఆ మనిషి బావో, అల్లుడో, మేనత్త తోడికోడలి తమ్ముడో అయిపోతాడు. బొగ్గుబాయిలో ముప్ఫై ఏండ్లు పనిచేశాడు. ఆ కంపెనీ క్వార్టర్లలో బీహారు నుంచి వచ్చినవాళ్లింటి పెళ్లికి పోయి, మగపెళ్లివారి తరఫున అలిగి కూర్చున్న ఘనుడు.

ఒకసారి కరీంనగర్ బస్సులో కండక్టరమ్మను కోడల్ని చేశాడు. ఆమె నవ్వి, పూర్తి టికెట్ కొట్టి చేతిలో పెట్టింది.

"చూసినవా వదినె, మామైనా సరే, డ్యూటీ డ్యూటే!" అని పొంగిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. నేను అట్లా కాదు. పిలవని ఇంటి గడప తొక్కను. పెట్టమని ఎవరినీ అడగను. డెబ్బై ఏండ్లు ఇట్లాగే బతికాను, ఇప్పుడు మారే ఉద్దేశం లేదు.

కిందటి వానాకాలం నా కోడలు ప్రవళిక ఫోనులోనే టికెట్లు కొని నన్నూ మా మరిదినీ లాంచీ యాత్రకు పంపింది. ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం, ఆ తర్వాత గోదావరి మీద రెండు రోజుల షికారు. మంచం, ఫ్యాను, మూడు పూటల భోజనం అన్నీ లాంచీలోనే. "మహారాణి లెక్క పోయిరా అత్తమ్మా" అంది.

లాంచీ నడిపే సంపత్ ఇంకా తాడు విప్పనే లేదు, మా మరిది మొదలుపెట్టాడు.

"మీదేవూరు బిడ్డా?"

"రాయపట్నం కాకా."

"రాయపట్నమా! మా తోడల్లుని మేనమామది గదే ఊరు. గట్లయితే నువ్వు నాకు అల్లునివి."

"ఆయన పేరేంది?"

"పేరుతోని ఏం పని? మనిషి మంచోడు."

పదకొండు గంటలకల్లా లాంచీలోని పద్నాలుగు మందీ మా చుట్టాలే. అప్పుడు దిగింది వాన. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారని సంపత్‌కు ఫోను వచ్చింది. చూస్తుండగానే గోదావరి ఎర్రబడింది. దుంగలు, గడ్డిమోపులు, ఎవరిదో కోళ్లగూడు మమ్మల్ని దాటుకుని పోతున్నాయి.

"అల్లుడా, ఒడ్డుకు కొట్టు!" అని మా మరిది కేకేశాడు.

సంపత్ ఆదిలాబాద్ వైపు ఒడ్డున ఏదో పల్లె దగ్గర లాంచీని కట్టేశాడు. అప్పటికే వంటగదిలోకి నీళ్లు వచ్చి బియ్యం, పప్పు, కూరలు అన్నీ బురదపాలయ్యాయి. ఊరి బయట కల్వర్టు మునిగింది. బస్సులు రావన్నారు. ఊరివాళ్లు మమ్మల్ని బడిలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తెచ్చి లైన్లో నిలబడమన్నారు.

పొద్దున నేను షుగరు గోళీ మింగాను. మింగి తినకపోతే నాకు చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. రెండూ మొదలయ్యాయి.

"వదినె, లెవ్వు. పొట్లం తీసుకుందాం."

"చెయ్యి చాపే గతి నాకింకా పట్టలే."

"నేను తెస్త, నువ్వు తిను."

"అడుక్కొచ్చింది ఎవరు తెచ్చినా అడుక్కొచ్చిందే."

"పడిపోతవ్ వదినె!"

"పడిపోత. నీకేం ఫికర్? తొవ్వల ఇంకో వదినెను దొరకబట్టుకుంటవు."

నా వణికే చేతుల వంక చూశాడు. తువ్వాల నెత్తిన వేసుకుని వానలోకి పోయాడు. కొంతసేపటికి తడిసి ముద్దై, పరుగున వచ్చాడు.

"వదినె, దేవుడున్నడు! మీ హుజూరాబాద్ చిన్నమ్మ లేదూ, ఆమె బిడ్డ బిడ్డ గీ ఊళ్లెనే ఉన్నది! నిన్ను తీస్కరమ్మని ఒకటే లొల్లి!"

"మా చిన్నమ్మకు పిల్లలే లేరు గదనయ్యా."

"సాదుకున్నది వదినె."

"ఎప్పుడు?"

"నువ్వు కాపురానికి వచ్చినంక."

చుట్టం పిలిచాక పోకపోతే మర్యాద కాదు. పోయాను. కాసె పోసి చీర కట్టిన నడివయసు మనిషి గడపలో ఎదురొచ్చి, "యా, యా, బసా అత్తా" అని పీట వేసింది. మా మరిదికి దగ్గొచ్చింది. "పెద్దమ్మా" అని ఆమె దిద్దుకుంది.

"ఏమయ్యా, మా చిన్నమ్మ మనుమరాలికి మరాఠీ ఎక్కడిది?"

"లగ్గమైనంక అంటుకున్నది వదినె."

"పేరేంది బిడ్డా?"

"తారాబాయి."

"మీ అమ్మమ్మ పేరు?"

తారాబాయి మా మరిదిని చూసింది. మా మరిది ఇంటి కప్పును చూశాడు.

"ఆమెను మేము అమ్మమ్మ అనే పిలిచేది" అంది తారాబాయి. తెలివిగల పిల్ల.

వేడివేడి జొన్నరొట్టె, శనగపిండి కూర, పచ్చిమిరప తొక్కు. మూడు రొట్టెలు తిన్నాను. వణుకు ఆగింది. ఓపిక వచ్చింది కాబట్టి, కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పాను. పెద్దమ్మను, ఆ మాత్రం హక్కు ఉండదా?

మా మరిది బయట తువ్వాల పిండుకుంటుంటే తారాబాయి నా పక్కన చేరింది.

"కోపం చెయ్యకు పెద్దమ్మా. గా కాకా ఎవరో నాకు తెల్వదు. వాకిట్ల తడుసుకుంట నిలవడ్డడు. 'మా వదినె పానం పోయినా చెయ్యి చాపది. నువ్వు జర బిడ్డనని చెప్తే తింటది' అని దండం పెట్టిండు. నాకంటే ముంగట మూడిండ్లల్ల అడిగిండట. పిచ్చోడనుకుని తలుపేసుకున్నరట."

చుట్టం కాదని నాకు మొదటి రొట్టె తుంచినప్పుడే తెలుసు. మా చిన్నమ్మ వంశంలో అంత పలుచని రొట్టె చేసే చెయ్యి ఎవరికీ లేదు. కానీ నాలుగు వాకిళ్లలో నా బదులు మా మరిది చేతులు జోడించాడని మాత్రం తెలియదు.

ఆయన లోపలికి వచ్చి భయంభయంగా అడిగాడు.

"ఎట్లున్నది వదినె?"

"ఎట్లుంటది? అచ్చం మా చిన్నమ్మ చెయ్యే."

ఆయన ముఖం చాటంతైంది. "నేను చెప్పలే!"

తారాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పింది చాలు గని, కూసో. పొద్దటిసంది నువ్వూ తినలే" అన్నాను. "ఓ బిడ్డా, మీ చిన్నబాపుకు రెండు రొట్టెలు ఎయ్యి."