చేతులు ఆగని నవల కోసం భైంసా దాకా

నవంబరు చివరి ఆదివారం. బస్సుకు బయల్దేరుదామని చీకటితోనే తలుపు తీస్తే, ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం వరండాలోనే ఎదురైంది. మా గోడకు ఎప్పుడూ, ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆరు చాటలు ఆనించి ఉంటాయి. ఇవాళ రెండే ఉన్నాయి. ఒకటి అవ్వది, ఇంకొకటి చిన్నమ్మది. మిగతా నలుగురూ రాత్రికి రాత్రి వచ్చి, చప్పుడు కాకుండా ఎవరి చాట వాళ్లు తీసుకుపోయారు. బీడీలు చుట్టే వాడల్లో దీని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. చాట పోయిందంటే ఆ మనిషి ఇక ఆ ఇంట్లో కూర్చోదు.

మాది కోరుట్ల. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. బాపు భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. అవ్వ, చిన్నమ్మ, వాడలోని ఇంకో నలుగురు కలిసి మా వరండాలో బీడీలు చుడతారు. కాలేజీ లేని రోజుల్లో నేను వాళ్లకు సస్పెన్స్ నవలలు గట్టిగా చదువుతాను. చదివినంతసేపు అవ్వ వంతు ఆకు తలా కొంచెం కత్తిరించి పెడతారు. అదే నా జీతం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నిఘంటువు తిరగేయడం కొత్తగా అలవాటైంది. ‘ఉత్కంఠ’ అంటే మెడ పైకెత్తి ఎదురుచూడటమని అందులోనే చూశాను. మా వరండాలో మాత్రం అది మెడలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. కథ నడిచినట్టే వేళ్లు నడుస్తాయి. నచ్చని అధ్యాయం వస్తే దారం తెగుతుంది, నీళ్లు తాగడానికి ఒక్కొక్కరే లేస్తారు.

గొడవంతా ఆ వేళ్ల దగ్గరే మొదలైంది. పోయిన వారం ఒక హత్యల నవల ముగింపు చదివాను. నిన్న కార్ఖానాలో టేకేదారు మావాళ్ల కట్టలు చాలావరకు పక్కన పడేశాడు. బీడీల మూతులు పగిలాయట, ఒత్తి చుట్టారట. “మీ చేతులు బీడీల మీద లెవ్వు, కథ మీద ఉన్నయి” అన్నాడట. ఆకు, తంబాకు ఇచ్చేదీ, చుట్టినవి తీసుకునేదీ ఆయనే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. కోపమంతా మా గడపకు వచ్చింది. నలుగురిలో పెద్దది రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“నీ కథ పాడుగాను పిల్లా. అండ్ల ఎవడు సచ్చిండో ఏమో గని, మా కట్టలైతే సచ్చినయ్.”

నాకూ నిజమేననిపించింది. చాకు మెడ దాకా వచ్చిన పేజీలో ఆరుగురి వేళ్లూ బిగుసుకోవడం నా కళ్లారా చూశాను. చేతులు ఆగకూడదు, బిగియకూడదు, చెవి మాత్రం కథను వదలకూడదు. అలాంటి నవల దొరికితే మళ్లీ అందరూ వస్తారని నిన్న సాయంత్రమే నిశ్చయించుకున్నాను. భైంసాలో ఒక అద్దె పుస్తకాల దుకాణం మూసేస్తున్నారని, పాత సస్పెన్స్ నవలలు అగ్గువకు ఇస్తున్నారని కాలేజీ స్నేహితురాలు చెప్పింది. ఆ నాలుగు చాటలు వెనక్కి రావాలి. ఈ ప్రయాణం అందుకే.

అవ్వ అప్పటికే దీపం కింద కూర్చుని, రాత్రి తడిపి గోనెలో కట్టిన తునికాకు విప్పి ఏరుతోంది. సగం ఆకు పక్కన పడేస్తోంది.

“నాలుగు చాటలు పోయినయవ్వా.”

“సూసిన.”

“మరి ఆపకపోతివి?”

“చాటలు వాళ్లయి, కాళ్లు వాళ్లయి. నువ్వు వోయి రా. స్వెట్టర్ ఏస్కో, సోన్ వంతెన కాడ సలి కొడ్తది.”

ఆరు గంటల ప్రాంతంలో కోరుట్ల బస్టాండులో ఆర్మూరు వైపు వెళ్లే బస్సు దొరికింది. మెట్‌పల్లి మీదుగా గంటన్నర. ఆర్మూరులో దిగి ఒక చాయ్ తాగేలోపే నిర్మల్ బస్సు వచ్చింది. గోదావరి దాటేటప్పుడు అవ్వ చెప్పిన చలి నిజంగానే కొట్టింది, కిటికీ అద్దం సగంలోనే ఇరుక్కుపోయింది. నిర్మల్ నుంచి భైంసాకు ఇంకో గంటంబావు. దారంతా పత్తి బండ్లు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు తెల్లటి దూది పింజలు తగిలి ఉన్నాయి. ఆడవాళ్లకు ఈ బస్సుల్లో సున్నా టికెట్, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. మగవాళ్లు ఒక వైపుకు రెండు వందల పైనే లెక్క వేసుకోండి. నిర్మల్ కండక్టర్ నా ఖాళీ సంచీ చూసి నవ్వాడు.

“ఏం చెల్లె, భైంసాల పత్తి కొంటవా?”

“నవలలు కొంటనన్నా.”

“గవి గూడ కొంటరా ఇంక?” అని టికెట్ చింపి ఇచ్చాడు.

భైంసాలో దిగేసరికి పదకొండు కావస్తోంది. బస్టాండు బయట బండి మీద పోహా తిన్నాను, ఇరవై రూపాయలు. పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండి ఇస్తారు. మా వైపు అటుకులకు ఇంత మర్యాద లేదు. అక్కడి నుంచి పత్తి మార్కెట్ వైపు వెళ్లే సందులో పది నిమిషాలు నడిస్తే దుకాణం. ముందు భాగమంతా ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. వాటి వెనక, నేల మీద గోనెసంచుల్లో నవలలు. దుకాణం చిచ్చా ముక్కాలిపీట మీద కూర్చుని తస్బీ జపమాల తిప్పుతున్నాడు.

“అన్ని డిటెక్టివే బేటీ. ఏదైనా ముప్పై. మొదలు తీస్కపోయినోళ్లు వాపస్ తేకపోతే పరేషాన్ అయితుంటి. ఇప్పుడు తీస్కపోయేటోళ్లే లేరు, ఫికరే లేదు.”

నాకు ఎలాంటిది కావాలో చెప్పాను. ఆయన తస్బీ ఆపి నా మొహం చూశాడు. యాభై రకాల గిరాకీలను చూశాను కానీ బీడీలకు సరిపోయే నవల అడిగినవాళ్లు లేరన్నాడు. వెనక గది గుమ్మంలో ఆయన భార్య, చాచీ, గోరుచిక్కుడు తుంచుతోంది. ఆ వేళ్లు చూడగానే నాకు దారి దొరికింది. “చాచీ, జర సేపు చదువుతా, ఇంటరా?” అని అడిగాను. “చదువు, నాకేం పోతది. ముప్పై ఏండ్ల సంది గిన్ని పుస్తకాల నడుమ ఉన్న, ఒక్కటి చదివి చెప్పలే ఈయన” అంది.

మొదటి నవల తెరిచాను. రెండో పేజీలోనే స్నానాల గదిలో శవం. చాచీ చేతిలో చిక్కుడుకాయ సగం తుంచి అలాగే ఉండిపోయింది. దాన్ని పక్కన పెట్టాను. రెండోదాంట్లో ఇన్‌స్పెక్టర్ ఊరంతా తిరిగి అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతాడు. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి చాచీ పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద పాలే లేవని చిచ్చా తర్వాత చెప్పాడు. మూడోది పలుచటి పుస్తకం, అట్ట కూడా సరిగా లేదు. తాళం వేసిన ఒక ఇంట్లో గోడ గడియారం ఆగకుండా నడుస్తుంటుంది. ఎవరో లోపలికి వచ్చి కీ ఇచ్చి పోతున్నారు. రక్తం లేదు, అరుపు లేదు. ప్రతి పేజీలో ఏదో ఒక చిన్న వస్తువు జరిగి ఉంటుంది అంతే. నేను చదువుతూ ఓరకంట చూశాను. చాచీ వేళ్లు ఆగలేదు, తొందరపడలేదు. కాయలన్నీ అయిపోయాయి. ఆమె చూసుకోలేదు. పారేయాల్సిన ఈనెలు తీసి వాటినే మళ్లీ తుంచుతోంది.

నేను పుస్తకం మూశాను.

“ఎవలు గా గడియారం తిప్పేటిది?” అంది చాచీ, భర్త వైపు తిరిగి.

“ఎరుకే గని చెప్ప. చెప్తే నా దుకాణం ఎప్పుడో మూత వడుతుండె.”

“ఇప్పుడు మూత వడ్డది గద. ఇంకెవల కోసం దాస్తవు?”

చిచ్చా మళ్లీ తస్బీ తీసుకున్నాడు. నేను మొదటిదీ మూడోదీ కొన్నాను. ఇలాంటి పుస్తకాల కోసం వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటుంది. తొలి పేజీల్లోనే శవం పడేవి ఒంటరిగా, తలుపు వేసుకుని, ఏ పనీ లేనప్పుడు చదవండి. అవి మనల్ని పూర్తిగా అడుగుతాయి. పదిమందిలో చదవడానికి, బస్సులో చదవడానికి, వంట చేస్తూ వినడానికి ఈ గడియారం నవల లాంటివి తీసుకోండి. ఏం జరిగిందన్న ప్రశ్న కంటే ఎవరు వచ్చి పోతున్నారన్న ప్రశ్న ఎక్కువసేపు నిలుస్తుంది. ఇన్‌స్పెక్టర్ మాటలు ఎక్కువున్న నవల మాత్రం చలికాలంలో నిద్ర పట్టనివాళ్లకు.

రెండున్నరకు తిరుగు బస్సెక్కాను. సంబరంగానే ఉన్నాను. పక్క సీట్లో నడివయసు ఆమె, పేరు లసుంబాయి, నిర్మల్ దగ్గర పల్లె. నా చేతిలోని అట్ట మీద రివాల్వర్ పట్టుకున్న ఆడమనిషి బొమ్మను చాలాసేపు చూసింది.

“గీమె ఎవలను కాలుస్తది?”

“ఇంక చదవలేదక్కా. మా వాళ్లు బీడీలు చేస్తుంటే చదువుత నేను.”

ఆమె తన చెయ్యి చాపి చూపించింది. చూపుడువేలి కొసన దారం కోసిన గీతలు, అవ్వ వేలికి ఉన్నట్టే. మా కట్టలు వాపసు వచ్చిన సంగతి, దానికి నా నవల కారణమైన సంగతి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మాయి గూడ వాపసొచ్చినయ్, నిన్ననే.”

“మీ కాడ ఎవలు చదువుతరు?”

“చదువుడెక్కడిది? మా కాడ టీవీ నడుస్తది. టీవీ బందు వెట్టుండ్రి అన్నడు మా టేకేదారు. మా ఆడిబిడ్డ ఊర్లె టీవీ లేదు. ఆడ ఒళ్లె పోరగాండ్లను వెట్టుకొని చేస్తున్రు, గందుకే పాడైతున్నయ్ అన్నడట ఆడి టేకేదారు.”

“మరి నిజంగ ఎందుకు వాపసొచ్చినయక్కా?”

“ఆకు. పోయినేడాది ఆకు అది, గోదాంల తడిసి ఎండింది. ఎంత తడిపినా ఏలు వెడ్తె పగుల్తది. మీకు గూడ గా గోదాం నుంచే వస్తుండొచ్చు.”

ఆమె మామూలుగా చెప్పి, సంచీలోంచి రేగుపళ్లు తీసి నాకు రెండు ఇచ్చింది. నేను పొద్దున్నే చూసిన దృశ్యం కళ్ల ముందుకు వచ్చింది. దీపం కింద అవ్వ, పక్కన పడేసిన సగం ఆకు. పదో పేజీలోనే ఆధారం పట్టేస్తానని వరండాలో గొప్పలు పోయేదాన్ని. మా గడపలో పడున్న ఆధారాన్ని దాటుకుని బస్సెక్కాను.

ఆర్మూరు బస్టాండులో కోరుట్ల బస్సు కోసం చూస్తూ అవ్వకు ఫోన్ చేశాను.

“అవ్వా, గా ఆకు పోయినేడాదిదట.”

“ఎరుకే.”

“రాజవ్వకు?”

“అందరికెరుకే. పొద్దుగాల నేను ఏరి పారేస్తుంటె సూస్తనే వోయినవు గద.”

“మరి నా మీదెందుకు వెట్టిండ్రు?”

“ఇంకెవల మీద వెట్టాలె? టేకేదారు మీద వెడ్తె రేపటి సంది ఆకు ఇయ్యడు. నీ మీద వెడ్తె నువ్వు మూతి ముడుస్తవు, మల్ల బువ్వ తింటవు.”

“చాటలు గూడ గందుకే తీస్కపోయిండ్రా?”

“వాని మాట విన్నట్టు కనవడాలె గద బిడ్డ.” ఆ వెంటనే, “ఏమన్న తిన్నవా?” అంది.

తిన్నానన్నాను. కొత్తగా నేర్చుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఆ ఫోనులో పనికి రాలేదు.

ఇది రాస్తున్నప్పటికి ఇంటికి వచ్చేశాను. అవ్వ రేపటి ఆకు తడుపుతోంది. అదే ఆకు. నవలల్లో నేరస్థుడి పేరు బయటపడగానే పుస్తకం అయిపోతుంది, చదివినవాళ్లు హాయిగా ఊపిరి తీసుకుంటారు. మా వరండాలో నేరస్థుడి పేరు మొదటి పేజీలోనే అందరికీ తెలుసు, నాకు తప్ప. తెలిసి కూడా అతని దగ్గరే ఆకు కోసం వరుసలో నిలబడతారు. నా మీద కోప్పడినప్పుడు రాజవ్వ గొంతు నిజంగానే వణికింది. ఆ కోపం అబద్ధం కాదు. వెళ్లాల్సిన ఇంటికి వెళ్లలేక మా ఇంటికి వచ్చింది. ఇన్నాళ్లూ సస్పెన్స్ నవలలు సరదాకని అందరికీ చెప్పి వినిపించాను, ఇక ముందూ చెప్తాను. కాకపోతే ఇవాళ వాటి మీద కొంచెం కోపంగా ఉంది. చివరి పేజీలో ఎవరో ఒకరికి బేడీలు పడతాయని అవి నాకు అలవాటు చేశాయి.

భైంసా వెళ్లదలచుకున్నవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ తప్పించి వెళ్లండి. ఏ పుస్తకమైనా కొనేముందు దుకాణంలోనే ఒక పేజీ గట్టిగా చదవండి, పక్కన ఎవరైనా పనిచేసుకుంటుంటే వాళ్ల మొహం కాదు, చేతులు చూడండి.

నాలుగు చాటలూ ఇప్పుడు రాజవ్వ ఇంట్లో ఉన్నాయట. గడియారం నవలకు నా పాఠ్యపుస్తకం అట్ట తొడిగాను. రేపు పొద్దున వాళ్లు ఆకు కత్తిరించే వేళకు వెళ్లి ఆ గడప మీద కూర్చుంటాను. టేకేదారు అటు వస్తే పరీక్షలకు చదువుకుంటున్నానంటాను. మొదటి అధ్యాయం చదువుతాను, దాని చివరి పేజీ తప్ప. ఆ పేజీ మా వరండాలోనే చదువుతానని చెప్పి లేచి వచ్చేస్తాను.